బొగ్గు పొరల పటానికి క్యూజీఐఎస్: గోదావరి లోయ రాళ్ల మీద ఒక పరిశీలన

క్యూజీఐఎస్ ఎవరైనా ఉచితంగా దించుకొని వాడుకోగల పటాల సాఫ్ట్‌వేర్. 2002లో గ్యారీ షెర్మన్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు అనేక దేశాల్లోని నిపుణుల చేతుల మీదుగా నడుస్తోంది. ఊళ్లు, చెరువులు, రోడ్లు, పంట భూముల పటాలకు ఇది ఎంత చక్కగా ఉపయోగపడుతుందో వేరే చెప్పనక్కరలేదు. నేను ఇక్కడ పరిశీలించదలచుకున్నది ఒక్క విషయం మాత్రమే. బొగ్గు క్షేత్రంలో నేల మీద కనిపించే రాతి పొరలను గుర్తించి, బోర్‌హోళ్లలో (నేలలోకి తొలిచిన సన్నటి రంధ్రాల్లో) దొరికిన లోతులను వాటికి జతచేసి, సీమ్ (బొగ్గు పొర) భూగర్భంలో ఎటు వాలి ఎంత లోతుకు పోతోందో చూపించే పటాన్ని దీనితో గీయవచ్చునా? నా అభిప్రాయం ముందే చెబుతాను. నేల మీది పటానికి ఇంతకంటే మంచి సాధనం డబ్బు పెట్టినా దొరకడం కష్టం. సీమ్ ఫ్లోర్ కాంటూర్లకు, అంటే బొగ్గు పొర అడుగు ఒకే లెవెల్‌లో ఉన్న చోట్లను కలిపే గీతలకు కూడా ఇది సరిపోతుంది గాని, ఫాల్టులు (పొరలు తెగి జరిగిన పగుళ్లు) ఎక్కడెక్కడ ఉన్నాయో ముందుగా భూవిజ్ఞాన నిపుణుడే తేల్చి చెప్పాలి. గని ప్రణాళికకు, నిల్వల తుది లెక్కకు మాత్రం దీని మీద ఆధారపడకూడదు.

పరీక్షకు గోదావరి లోయ బొగ్గు క్షేత్రాన్ని తీసుకున్నాను. ఇల్లందు దగ్గర 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ బొగ్గును గుర్తించడం, 1889లో తవ్వకం మొదలుకావడం సింగరేణి ప్రాంతంలో అందరికీ తెలిసిన కథే. పటం గీసేవారికి ఈ క్షేత్రం ఎందుకు మంచి పరీక్షో మాత్రం అంతగా చర్చకు రాదు. అడుగున తాల్చీర్ రాళ్లు, వాటి మీద బొగ్గున్న బరాకర్, ఆ పైన బొగ్గు దాదాపుగా లేని బ్యారెన్ మెజర్స్, దాని మీద కామ్తీ, ఇంకా పైన మాలేరి, కోట శిలలు వరుసగా ఉంటాయి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఈ లోయ నైరుతి అంచు వెంట పొరలు మొత్తం మీద ఈశాన్యానికి వాలుతాయి. అంటే అంచు నుంచి లోయ మధ్యకు నడిచేకొద్దీ కాలి కింద రాళ్ల వయసు తగ్గుతూ పోవాలి. ఎక్కడైనా ఆ వరుస తప్పి, దాటివచ్చిన రాయి మళ్లీ ఎదురైతే, మధ్యలో ఫాల్టు ఉందేమోనని అనుమానించాలి. ఈ క్షేత్రంలో అటువంటి అనుమానాలకు కొదవలేదు. చదునుగా, నలగకుండా పరుచుకున్న పొరల మీద ఏ సాఫ్ట్‌వేర్ అయినా బాగానే కనిపిస్తుంది. ఫాల్టులు ముక్కలు చేసిన క్షేత్రంలోనే దాని అసలు సత్తా తేలుతుంది.

మొదటి పని పాత పటాలను తెరమీదికి తేవడం. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే 1:50,000 స్కేలు భూవిజ్ఞాన పటాలు ఉచితంగా దొరుకుతాయి. క్యూజీఐఎస్ వాటిని నేరుగా తెరుస్తుంది. ఆ స్కేలు అర్థమేమిటో మనసులో ఉంచుకొని పని చేయాలి. పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఐదుకు ఒకటి చొప్పున (ఐదు మీటర్లు ముందుకు వెళితే ఒక మీటరు దిగేలా) వాలిన మూడు మీటర్ల సీమ్ చదును నేల మీద సుమారు 15 మీటర్ల వెడల్పున పైకి తేలుతుంది. అంటే పటంలో మూడింట ఒక వంతు మిల్లీమీటరు కూడా రాదు, గీత మందం కంటే అది పెద్దది కాదు. కనుక ఆ పటం బరాకర్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పగలదు గాని, ఏ సీమ్ ఎక్కడ తేలుతుందో చెప్పలేదు. అది గనుల పెద్ద స్కేలు ప్లాన్ల నుంచి, మన సొంత ఫీల్డు పని నుంచి రావలసిందే.

కాగితం మీద ఉన్న ప్లాన్లను స్కాన్ చేసి సరైన స్థానంలో కూర్చోబెట్టడానికి ఇచ్చిన జియోరిఫరెన్సర్ ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చిన భాగం. ప్లాన్ మీద తెలిసిన బిందువులను నొక్కి వాటి నిజ స్థానాలను ఇస్తే, ప్రతి బిందువు దగ్గర ఎంత తేడా మిగిలిందో పట్టికలో చూపిస్తుంది. ఆ తేడాలను చూసి ఏ బిందువు తప్పుగా పడిందో కనిపెట్టడం సులువు. ఇక్కడ ఒక ప్రలోభం మాత్రం ఉంది. ప్లాన్‌ను సాగదీసి, వంచి అమర్చే పద్ధతుల్లో పాలినోమియల్ స్థాయిని పెంచినా, థిన్ ప్లేట్ స్ప్లైన్‌ను ఎంచుకున్నా తేడాలు సున్నాకు దగ్గరవుతాయి, పటం బాగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. నిజానికి బిందువుల మధ్య ప్లాన్ వంకరపోయి ఉండవచ్చు. ముడతలు పడని కాగితానికి మొదటి స్థాయి మార్పిడే చాలు, అది సరిపోకపోతే బిందువులను అనుమానించాలి.

కోఆర్డినేట్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ అనే పాత భూమి నమూనా ఆధారంగా గీసినవి, జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరొక నమూనాలో. ఈ రెంటినీ మార్పిడి లేకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే మన ప్రాంతంలో స్థానం వంద మీటర్లు దాటి పక్కకు జరుగుతుంది. మార్పిడికి కావలసిన సరంజామా అంతా క్యూజీఐఎస్‌లో ఉంది. ప్రాజెక్టును, స్థానాలను మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర జోన్‌లో పెట్టుకుంటే రామగుండం నుంచి కొత్తగూడెం దాకా మొత్తం ఒకే జోన్‌లోకి వస్తుంది. పాత గనుల ప్లాన్లు మాత్రం ఆ గనికి మాత్రమే చెందిన స్థానిక గ్రిడ్ మీద ఉండవచ్చు. లెవెళ్లు మైనస్‌లోకి పోకుండా ఏదో ఒక స్థిర సంఖ్యను కలిపి రాసే అలవాటు కూడా గనుల్లో ఉంది. ఆ సంఖ్య ఎంతో సర్వే ఆఫీసును అడిగి తెలుసుకోవలసిందే, తెర మీద ఎంత వెతికినా దొరకదు.

ఫీల్డులో కొలిచిన డిప్ (పొర వాలు), స్ట్రైక్ (వాలుకు అడ్డంగా పొర సాగే దిశ) గుర్తులను పటం మీద వేయడంలో ఈ సాఫ్ట్‌వేర్‌కు తిరుగులేదు. పట్టికలో వాలు దిశ ఒక గడిలో, వాలు కోణం మరొక గడిలో రాసుకుంటే, గుర్తు తనంతట తానే ఆ దిశకు తిరిగి పక్కన కోణాన్ని చూపిస్తుంది. చేత్తో డ్రాయింగ్ బల్ల మీద ఒక్కొక్క గుర్తునూ ప్రొట్రాక్టర్‌తో తిప్పి గీసినవారికి ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. రాతి పొరల మధ్య సరిహద్దులను స్పష్టంగా చూసినచోట పూర్తి గీతగా, ఊహించినచోట తెగిన గీతగా చూపే ఏర్పాటు కూడా నియమాల ద్వారా చేసుకోవచ్చు. ఈ తేడాను పాటించని పటాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. కంప్యూటర్ గీసిన గీత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది గనుక, మట్టి కింద దాగిన సరిహద్దుకు కూడా చూసినంత ధీమా వచ్చేస్తోంది. ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

ఇక బోర్‌హోళ్లు. క్యూజీఐఎస్‌కు బోర్‌హోల్ అంటే ఏమిటో తెలియదు, దానికి తెలిసింది నేల మీద ఒక బిందువు మాత్రమే. ఒకే బోర్‌హోల్ నాలుగైదు సీములను కోసుకుంటూ పోతుంది కాబట్టి, బోర్‌హోల్ స్థానాలను ఒక పట్టికలోను, ఏ సీమ్ ఎంత లోతు నుంచి ఎంత లోతు దాకా తగిలిందో వేరొక పట్టికలోను పెట్టుకొని, రెంటినీ వర్చువల్ లేయర్‌తో కలుపుకోవాలి. కొత్తగూడెం వైపు కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని పేర్లుంటే, రామగుండం వైపు సీములకు అంకెలుంటాయి. సీమ్ చీలినచోట అంకె పక్కన అక్షరాలు చేరుతాయి. ఏ బోర్‌హోల్‌లోని ఏ బొగ్గు ఏ సీమ్‌కు చెందుతుందో తేల్చేది గామా, డెన్సిటీ లాగ్‌లను (బోర్‌హోల్ లోతు వెంట రాళ్ల సహజ రేడియోధార్మికతను, సాంద్రతను చూపే రేఖలను) పక్కపక్కన పెట్టి చదివే మనిషే. అందులోనూ బరాకర్ ఇసుకరాళ్లలో పొటాషియం ఉన్న ఫెల్‌స్పార్ ఎక్కువ. అందువల్ల గామా లాగ్ మీద ఇసుకరాయికి, షేల్‌కు మధ్య తేడా అంత స్పష్టంగా ఉండదు. బోర్‌హోల్ గోడ కూలి వెడల్పైన చోట డెన్సిటీ పడిపోయి, లేని బొగ్గు ఉన్నట్టు కనిపిస్తుంది. బోర్‌హోల్ వెడల్పు చూపే కాలిపర్ లాగ్‌ను, పైకి తీసిన రాతి కడ్డీ అయిన కోర్‌ను చూడకుండా పట్టిక నింపితే ఆ తర్వాతి పటమంతా ఆ పట్టికకు తగ్గట్టే ఉంటుంది.

పట్టికలో సున్నాకు, ఖాళీ గడికి తేడా పాటించడం మరీ ముఖ్యం. సున్నా అంటే బోర్‌హోల్ ఆ స్థాయిని దాటింది గాని సీమ్ దొరకలేదని. ఖాళీ అంటే అంత లోతు దాకా తవ్వనే లేదని. సీమ్ లోతుకు చేరకుండానే ఆగిన బోర్‌హోల్‌కు ఎవరైనా సున్నా రాస్తే, మందం పటంలో సీమ్ అక్కడ సన్నబడి మాయమైనట్టు కాంటూర్లు గుండ్రంగా చుట్టుకుంటాయి. షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రూపంలోని ఖాళీలను కొన్ని సాఫ్ట్‌వేర్లు సున్నాగా చదువుతాయి, ఆ రూపంలో గడుల పేర్లు కూడా పది అక్షరాలకు మించకూడదు. అందుకని మొదటి నుంచీ జియోప్యాకేజీ రూపంలోనే దాచుకోవడం మేలు.

సీమ్ ఫ్లోర్ కాంటూర్ల దగ్గరికి వచ్చేసరికి ఈ సాఫ్ట్‌వేర్‌ను నమ్మవలసినదెంతో, నమ్మకూడనిదెంతో తేటతెల్లమవుతుంది. బోర్‌హోళ్ల మధ్య లెవెళ్లను అంచనా కట్టడానికి క్యూజీఐఎస్ సొంతంగా ఇచ్చే ముఖ్య పద్ధతులు రెండు: దూరాన్ని బట్టి సగటు వేసే ఐడీడబ్ల్యూ, బిందువులను త్రికోణాలుగా కలిపే టిన్. మొదటిది వర్షపాతం వంటివాటికి సరిపోవచ్చు గాని, వాలిన సీమ్‌కు పనికిరాదు. అది వేసేది సగటు గనుక, ఇచ్చిన విలువల్లో అతి తక్కువదాని కంటే కిందికి ఎన్నడూ పోదు. డిప్ వైపు చివరి బోర్‌హోల్‌లో ఫ్లోర్ మైనస్ 40 మీటర్ల దగ్గర ఉందనుకుందాం. వాలు ఐదుకు ఒకటి అయితే అక్కడికి 500 మీటర్ల అవతల సీమ్ మైనస్ 140 దగ్గర ఉండాలి. ఐడీడబ్ల్యూ మాత్రం మైనస్ 40 దాటి దిగదు సరికదా, సగటు వైపు మొగ్గి పైకి లేస్తుంది కూడా. వంద మీటర్లు, అంతకు మించిన తేడా! పైగా ప్రతి బోర్‌హోల్ చుట్టూ గుండ్రటి వలయాలు వేసి, లేని గుంటలను, లేని గుట్టలను సృష్టిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు మెనూలో ముందు కనిపించింది కదా అని దీన్ని పట్టుకోకూడదు.

టిన్ ఇంతకంటే నిజాయతీ గలది. మూడు బోర్‌హోళ్ల మధ్య సీమ్‌ను సమతలంగా తీసుకుంటుంది. తరగతి గదిలో నేర్పే మూడు బిందువుల లెక్క కూడా ఇదే కదా! బోర్‌హోళ్ల పరిధి దాటి ఒక్క అడుగు కూడా వేయదు, ఆ మౌనమే దాని గుణం. కాంటూర్లు మాత్రం కోణాలు తేలి మొరటుగా వస్తాయి. రెండింటి కంటే మెరుగైన ఫలితం కావాలంటే ముందు మొత్తం మీది వాలును విడదీయాలి. బోర్‌హోళ్ల లెవెళ్లకు సరిపోయే ఒక సమతలాన్ని స్ప్రెడ్‌షీట్‌లో లెక్కకట్టి, క్షేత్రం నాలుగు మూలల్లో ఆ తలం లెవెళ్లతో నాలుగు బిందువులు పెట్టి టిన్ వేస్తే ఆ సమతలం రాస్టర్‌గా (చిన్న గడుల పటంగా) వస్తుంది. ప్రతి బోర్‌హోల్ దగ్గర అసలు లెవెల్‌కు, ఈ తలానికి ఉన్న తేడాను మాత్రమే ఇంటర్పొలేట్ చేసి (బోర్‌హోళ్ల మధ్య అంచనా కట్టి), రాస్టర్ కాలిక్యులేటర్‌లో తిరిగి కలుపుకుంటే, వాలు నిలబడుతుంది, చిన్న ఎగుడుదిగుళ్లు కూడా కనిపిస్తాయి. పని కొంచెం చుట్టుతిరుగుడే గాని, ప్రతి మెట్టు దగ్గర ఏం జరుగుతోందో మన కళ్లకు కనిపిస్తుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో ఒక్క బటన్ నొక్కితే వచ్చేసే ఫలితానికి ఆ సుగుణం ఉండదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఫాల్టులతో వస్తుంది. ఫాల్టుకు ఇటు 60 మీటర్ల లెవెల్‌లో, అటు 10 మీటర్ల లెవెల్‌లో సీమ్ ఉంటే, క్యూజీఐఎస్ ఆ రెండు బోర్‌హోళ్లను నున్నటి వాలుతో కలిపేస్తుంది. తెర మీద చూడడానికి ఎంతో సహజంగా ఉంటుంది. వాలు అక్కడ కొంచెం నిటారుగా ఉందని మాత్రమే అనిపిస్తుంది. వాస్తవంలో అక్కడున్నది 50 మీటర్ల త్రో, అంటే పొర నిలువుగా జరిగిన దూరం. నార్మల్ ఫాల్టు (వాలు తలం మీది పక్క కిందికి జారినది) 60 డిగ్రీల కోణంలో దిగితే, ప్లాన్‌లో సుమారు 29 మీటర్ల వెడల్పున సీమ్ అసలే ఉండని పట్టీ ఏర్పడుతుంది. ఆ పట్టీలో వేసిన బోర్‌హోల్‌లో ఆ సీమ్ కనబడదు. టిన్ పద్ధతిలో బ్రేక్ లైన్ ఇచ్చే వీలుంది గాని, అది వాలు మారే గీతను గుర్తిస్తుందే తప్ప ఒకే చోట రెండు లెవెళ్లను ఒప్పుకోదు. కనుక ఇందులో ఉన్న దారి ఒకటే. ఫాల్టు గీతలను ముందుగా గీసుకొని, క్షేత్రాన్ని బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాకులోని బోర్‌హోళ్లతో ఆ బ్లాకుకే విడిగా ఉపరితలం వేసి, చివర్లో అన్నిటినీ పక్కపక్కన పేర్చాలి. మూడు బోర్‌హోళ్లు కూడా లేని బ్లాకు మిగిలితే దానికి ఉపరితలం వేయకుండా ఖాళీగా వదిలేయాలి, లేదా పక్క బ్లాకు వాలునే తీసుకొని తెగిన కాంటూర్లతో చూపాలి. సింగరేణి ప్రాంతంలో అనుభవం గల భూవిజ్ఞాన నిపుణులు కాగితం మీద చేసేదీ ఇదే. ముందు ఫాల్టు లేకుండా వేసి, కాంటూర్లు అకారణంగా గుమిగూడిన చోట్లను వెతికి, అక్కడ ఫాల్టు ఉందేమో లాగ్‌లలోను, పక్క గని ప్లాన్‌లోను చూడడానికి ఈ సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. ఆ విధంగా దాని బలహీనతను కూడా ఉపయోగించుకోవచ్చు.

సీమ్ ఎక్కడ నేలకు తేలుతుందో లెక్కకట్టడం సిద్ధాంతంలో సులువు. నేల ఎత్తు చూపే డీఈఎం నుంచి సీమ్ ఫ్లోర్‌ను తీసివేస్తే లోతు వస్తుంది, లోతు సున్నా అయిన గీతే ఔట్‌క్రాప్. అయితే ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం అనే డీఈఎం ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. వాలు ఆరుకు ఒకటి ఉన్నచోట ఎత్తులో ఆరు మీటర్ల తప్పు ఔట్‌క్రాప్‌ను 36 మీటర్లు పక్కకు నెడుతుంది. పైగా అది 2000 ఫిబ్రవరిలో అంతరిక్షం నుంచి కొలిచిన నేల. ఆ తర్వాత వచ్చిన ఓపెన్‌కాస్ట్ గుంతలు అందులో లేవు, అప్పటికే పోసిన ఓబీ (బొగ్గు మీది నుంచి తీసిన మట్టి, రాళ్ల) డంపులు కొండలుగా ఉన్నాయి. డంపు మీదుగా వంపులు తిరిగే ఔట్‌క్రాప్ గీతను చూసి నవ్వుకోవచ్చు గాని, అలాంటి గీత నివేదికలోకి ఎక్కితే నవ్వు రాదు. తవ్వకానికి ముందటి టోపోషీట్ కాంటూర్లను డిజిటైజ్ చేసి వాడుకోవడమే ఇక్కడ సరైన దారి.

అడ్డుకోత పటాలకు 2022లో వచ్చిన 3.26 కూర్పు నుంచి ఎలివేషన్ ప్రొఫైల్ పరికరం అందులోనే ఉంది. పటం మీద గీత గీస్తే నేల, ఒకదాని కింద ఒకటిగా సీమ్ ఉపరితలాలు, గీతకు దగ్గరున్న బోర్‌హోళ్లు ఒకే కోతలో కనిపిస్తాయి. దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. సీములు ఒకదానినొకటి దాటిపోతే ఎక్కడో తప్పు జరిగిందని ఈ కోతలోనే క్షణంలో తెలిసిపోతుంది. నిలువు స్కేలును మాత్రం గమనించాలి. ఆరుకు ఒకటి వాలు అంటే తొమ్మిదిన్నర డిగ్రీలు. నిలువును అయిదింతలు సాగదీస్తే అదే తెర మీద 40 డిగ్రీలుగా కనబడుతుంది. త్రీడీ దృశ్యం కూడా ఉంది, సమావేశాల్లో చూపించడానికి బాగుంటుంది.

బొగ్గు పరిమాణం లెక్కలో ఒక మాట. క్యూజీఐఎస్ ఇచ్చే వైశాల్యం ప్లాన్‌లోని వైశాల్యం. దాన్ని నిలువు మందంతో గుణించాలే గాని, పొరకు లంబంగా కొలిచిన అసలు మందంతో గుణించకూడదు. నాలుగుకు ఒకటి వాలు దగ్గర ఆ పొరపాటుతో మూడు శాతం బొగ్గు లెక్క నుంచి జారిపోతుంది. ఇక రుజువైన నిల్వ అని పిలవడానికి మన దేశపు ప్రామాణిక పద్ధతిలో సమాచార బిందువు నుంచి 200 మీటర్ల పరిధి చూస్తారు. ఆ వలయాలను బఫర్ పరికరంతో వేసి, ఎక్కడ ఖాళీ మిగిలిందో చూసి, తర్వాతి బోర్‌హోల్ ఎక్కడ వేయాలో ఆలోచించడానికి ఇది చాలా మంచి సహాయం. అంతకు మించి దీని చేత అంకెలు చెప్పించకూడదు. సీములు చీలడం, కలవడం, ఫాల్టుల వెంట తెగడం అన్నీ ఒకే నమూనాలో పట్టి ఉంచే పని గనుల ప్రణాళికలు వేసే సీఎంపీడీఐ వంటి సంస్థలు వాడే మైనెక్స్ తరహా గనుల సాఫ్ట్‌వేర్లది. వాటి ధర విద్యార్థికి గాని, చిన్న కన్సల్టెంటుకు గాని అందేది కాదు, కాబట్టి పోలిక పెట్టేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు సరికొత్త కూర్పు జోలికి పోకుండా, దీర్ఘకాల మద్దతు ఉన్న ఎల్‌టీఆర్ కూర్పునే దించుకోవాలి. ఒక బ్లాకు పని పూర్తయ్యేదాకా దాన్ని మార్చకూడదు, ఎందుకంటే కూర్పు మారితే ప్లగిన్లు పనిచేయకపోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని వందల బోర్‌హోళ్ల పట్టికలు ఇబ్బంది లేకుండా నడుస్తాయి; బరువెక్కించేవి స్కాన్ చేసిన పెద్ద ప్లాన్లే, వాటికి పిరమిడ్లు (అదే చిత్రపు చిన్న నకళ్లు) కట్టుకుంటే తెర చురుగ్గా కదులుతుంది. ఫాల్టు బ్లాకుల గీతలు, బోర్‌హోల్ పట్టికలు, సమతలం లెక్క అన్నీ ఒకే జియోప్యాకేజీలో ఉంచి, కొత్త బోర్‌హోల్ వచ్చిన ప్రతిసారీ మోడల్ డిజైనర్‌లో ఒకసారి పేర్చిపెట్టుకున్న పనుల వరుసను మళ్లీ నడిపిస్తే, ఆ బ్లాకు ఫ్లోర్ కాంటూర్లు కొద్ది నిమిషాల్లో కొత్తగా వస్తాయి.